కుటుంబ ఆరోగ్యము: మోకాళ్లు నొప్పి పెడుతున్నప్పుడు



మన ఇళ్లలో యాభై ఏళ్లు దాటిన తల్లులను, అత్తలను "ఆరోగ్యం ఎలా ఉందమ్మా?" అని అడిగితే చాలామంది నోట మొదట వచ్చే మాట, "అంతా బాగానే ఉంది గాని, ఈ మోకాళ్లే" అని. మంచం మీద నుండి లేవాలంటే గోడ పట్టుకోవాలి. బస్సు మెట్టు ఎక్కాలంటే ఎవరైనా చెయ్యి అందించాలి. పెళ్లికి పిలిస్తే అక్కడ మరుగుదొడ్డి ఎలా ఉంటుందోనని ముందే భయం. ప్రయాణం ఉన్న రోజున ఉదయం నుండి నీళ్లు తాగడమే మానేసేవారు ఉన్నారు. చాప మీద కూర్చుంటే మళ్లీ లేవలేమని, అందరితోపాటు మోకరించలేకపోతున్నామని సిగ్గుపడి, ఆరాధనకు రాకుండా ఇంటి దగ్గరే ఉండిపోయేవారు కూడా మన మధ్య ఉన్నారు.

ఇటువంటప్పుడు ఇంట్లోవారు ప్రేమతో చెప్పే మాట ఒకటుంది: "గుజ్జు అరిగిపోయిందట కదమ్మా, ఇంక నడవకు, కూర్చో." ఈ నెల మేము ముఖ్యంగా ఈ మాట గురించే చెప్పదలచాము. ప్రేమతో చెప్పినదే అయినా ఈ సలహా వల్ల మేలు కంటే కీడే ఎక్కువ. ఎందుకో, దానికి బదులుగా ఏమి చేయాలో క్రమంగా చూద్దాం.

మోకాలిలో జరిగేది ఏమిటి?

తొడ ఎముక, దాని కింది పెద్ద ఎముక కలిసే చోటు మోకాలు. ముందు వైపు చిప్ప ఉంటుంది. ఎముకల కొనల మీద నున్నగా, తెల్లగా మృదులాస్థి అనే పొర పరచుకొని ఉంటుంది. మనవాళ్లు గుజ్జు అనేది దీన్నే. కీలు చుట్టూ సంచిలాంటి పొర, దానిలోపల కోడిగుడ్డు తెల్లసొనలాంటి జిగట ద్రవం ఉంటాయి.

ఈ మృదులాస్థికి రక్తనాళాలు లేవు. దానికి కావలసిన ఆహారం ఆ జిగట ద్రవం నుండే అందాలి. కాలు మోపినప్పుడు ఆ పొర కాస్త నొక్కుకొంటుంది, కాలు ఎత్తినప్పుడు తిరిగి విప్పుకొంటుంది. స్పాంజి నీటిని పీల్చుకొన్నట్లు అది తన పోషణను ఈ విధంగా పీల్చుకొంటుంది. గనుక కదలిక తగ్గితే కీలుకు ఆహారం కూడా తగ్గుతుంది.

ఆస్టియో ఆర్థరైటిస్ అనే జబ్బులో ఈ పొర పల్చబడుతుంది. ఎముక అంచుల వెంట ముళ్లలాంటి పెరుగుదలలు వస్తాయి. లోపలి పొర వాచి, కొందరికి నీరు చేరుతుంది. తొడ కండరం సన్నబడి బలం కోల్పోతుంది. కాబట్టి ఇది గుజ్జు ఒక్కదాని జబ్బు కాదు, కీలంతటి జబ్బు. బండి ఇరుసు అరిగితే అరిగినట్లే ఉంటుంది, తనను తాను చక్కబరచుకోలేదు. మోకాలు ప్రాణమున్న అవయవం. పోయిన గుజ్జు తిరిగి రాకపోయినా, చుట్టూ ఉన్న కండరాలను ఏ వయసులోనైనా బలపరచవచ్చు. బలమైన కండరం కీలు మీద పడే భారాన్ని తాను పంచుకొంటుంది.

మరొక సంగతి. మృదులాస్థికి నరాలు కూడా లేవు. నొప్పి వచ్చేది ఎముక నుండి, వాచిన పొర నుండి, చుట్టూ ఉన్న కండరాల నుండి. అందుకే ఎక్స్-రేలో బాగా అరిగినట్లు కనబడినా కొందరు హాయిగా నడుస్తారు. ఎక్స్-రేలో కొద్దిపాటి మార్పే ఉన్నా మరికొందరు ఎంతో బాధపడతారు. ఎక్స్-రే చూసి "నా పని అయిపోయింది" అనుకోనక్కరలేదు.

ఎవరికి వస్తుంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2019లో ప్రపంచమంతటా సుమారు 52 కోట్ల 80 లక్షల మందికి ఆస్టియో ఆర్థరైటిస్ ఉంది. వారిలో 36 కోట్ల 50 లక్షల మందికి అది మోకాలిలోనే. వంద మందిలో 60 మంది స్త్రీలు. వయసు, అధిక బరువు, పాత దెబ్బలు, కుటుంబంలో ఈ జబ్బు ఉండడం, ఏళ్ల తరబడి గొంతుకూర్చొని, మోకాళ్లు పూర్తిగా మడిచి చేసే పనులు దీనికి దారి తీస్తాయి. స్త్రీలలో ముట్లు ఆగిన తరువాత ఇది ఎక్కువవుతుంది. కలుపు తీసి, కత్తిపీట ముందు కూర్చొని, నేల తుడిచి జీవితమంతా గడిపిన మన తల్లుల మోకాళ్లు నొప్పి పెట్టడంలో వింతేముంది?

అన్ని మోకాలి నొప్పులూ ఒకటి కావు

45 ఏళ్లు దాటినవారికి, నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు నొప్పి ఎక్కువై, కూర్చొంటే తగ్గుతూ, ఉదయం లేవగానే ఉండే బిగువు అర్ధగంటలోపు సడలిపోతూ ఉంటే అది ఎక్కువగా ఆస్టియో ఆర్థరైటిస్సే. దీన్ని గుర్తించడానికి సాధారణంగా డాక్టరు చేతి పరీక్ష చాలు. అవసరమైతే నిలబెట్టి తీసిన ఎక్స్-రే. ఎమ్మారై స్కానింగు చాలామందికి అవసరం లేదు.

అయితే ఈ కింది లక్షణాలు ఉంటే ఆలస్యం చేయకూడదు. మోకాలు ఎర్రబడి, వేడెక్కి, వాచి, జ్వరం కూడా ఉంటే కీలులో చీము చేరి ఉండవచ్చు. అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. చేతివేళ్ల కీళ్లు కూడా వాచి, ఉదయపు బిగువు గంటకు మించి ఉంటే అది రుమటాయిడ్ ఆర్థరైటిస్ కావచ్చు. దాని మందులు పూర్తిగా వేరు, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. రాత్రికి రాత్రే వచ్చే భరించలేని నొప్పి, ముఖ్యంగా కాలి బొటనవేలిలో అయితే, యూరిక్ యాసిడ్ వల్ల కావచ్చు. 2005-06లో చికున్‌గున్యా మన ప్రాంతంలో ప్రబలినప్పుడు జ్వరం తగ్గినా నెలల తరబడి కీళ్ల నొప్పులతో బాధపడినవారు ఎందరో మనకు తెలుసు. నల్లగొండ, ప్రకాశం జిల్లాల పల్లెలలో తాగునీటిలోని ఫ్లోరైడ్ తెచ్చిపెట్టిన ఎముకల బిగువు కూడా వేరొక జబ్బే. కారణం వేరైతే వైద్యమూ వేరు. అందుకే మొదట ఒకసారి డాక్టరుకు చూపించుకోవాలి.

మొదటి మందు: వ్యాయామం

మోకాలి ఆస్టియో ఆర్థరైటిస్‌కు ప్రపంచంలోని వైద్య మార్గదర్శకాలు మొదటి చికిత్సగా చెప్పేది వ్యాయామాన్నే. డెన్మార్క్ దేశంలో 2013 నుండి ఇటువంటి రోగులకు జబ్బు గురించి వివరించి, వ్యాయామ శిక్షకుల చేత వారాల తరబడి సాధన చేయించే కార్యక్రమం నడుస్తోంది. అది తరువాత అనేక దేశాలకు పాకింది. మన ఇంట్లో చేసుకోవడానికి ఖర్చేమీ లేదు. ఒక గట్టి కుర్చీ, ఒక తువ్వాలు చాలు.

1. మంచం మీద కాళ్లు చాపి కూర్చోండి. తువ్వాలును చుట్టగా చుట్టి మోకాలి కింద పెట్టి, తొడ బిగించి దానిని కిందికి నొక్కండి. అయిదు అంకెలు లెక్కపెట్టి వదలండి. ఒక్కొక్క కాలికి 10 సార్లు.

2. వెల్లకిలా పడుకొని ఒక మోకాలు మడిచి ఉంచండి. రెండవ కాలును వంచకుండా మూరెడు ఎత్తు లేపి, అయిదు అంకెలు లెక్కపెట్టి మెల్లగా దించండి. 10 సార్లు. ఊపిరి బిగపట్టకండి.

3. పడుకొనే ఉండి మడమను మంచం మీదే జరుపుతూ, నొప్పి అనుమతించినంత వరకు మోకాలు మడిచి, తిరిగి చాపండి. 10 సార్లు. ఇది బిగువును సడలిస్తుంది.

4. కుర్చీని గోడకు ఆనించి, దానిలో కూర్చొని, వీలైతే చేతులు ఆనించకుండా లేచి నిలబడండి. మెల్లగా కూర్చోండి. మొదట 5 సార్లు, క్రమంగా 10. ఇది కష్టమైతే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచుకోండి.

వీటితోపాటు సమతలమైన నేల మీద నడక. 10 నిమిషాలతో మొదలుపెట్టి, వారం వారం కొద్దికొద్దిగా పెంచి, వారానికి అయిదు రోజులు అర్ధగంట నడవగలిగేటట్లు చూసుకోండి. ఒకేసారి నడవలేనివారు పూటకు పది నిమిషాల చొప్పున మూడు పూటలు నడిచినా సరే. గుండె జబ్బు ఉన్నవారు, ఇటీవల పడిపోయినవారు డాక్టరును అడిగి మొదలుపెట్టాలి.

"చేస్తుంటే నొప్పి వస్తోంది, మానేయాలా?" అని చాలామంది అడుగుతారు. వ్యాయామంలో కొద్దిపాటి నొప్పి రావడం సహజం. అది కీలు పాడవుతోందనడానికి గుర్తు కాదు. మర్నాటికి మామూలు స్థితికి వస్తే మీరు చేసినది సరిపోయినట్లే. మర్నాడు కూడా నొప్పి, వాపు ఎక్కువగానే ఉంటే సగానికి తగ్గించండి గాని మానవద్దు. ఫలితం కనబడడానికి ఆరు నుండి ఎనిమిది వారాలు పడుతుంది. పది రోజులు చేసి "ఏమీ తగ్గలేదు" అని వదిలేసేవారే ఎక్కువ. ఓర్పు ఇక్కడే కావాలి.

బరువు సంగతి

2005లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం, బరువు ఒక కిలో తగ్గితే నడిచే ప్రతి అడుగులోనూ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని లెక్కగట్టింది. అయిదు కిలోలు తగ్గితే అడుగు అడుగుకూ ఇరవై కిలోలు దించుకొన్నట్లు. అంతకుముందు 1992లో ఫ్రేమింగ్‌హామ్ పట్టణపు స్త్రీల మీద జరిగిన పరిశీలనలో, పదేళ్లలో అయిదు కిలోల వరకు బరువు తగ్గినవారికి ఈ మోకాలి జబ్బు వచ్చే అవకాశం సగానికి తగ్గినట్లు తేలింది.

మన ఇళ్లలో దీనికి మార్గం ఉపవాసాలు కాదు. అన్నం ఒక గరిటె తగ్గించి కూర, పప్పు ఒక గరిటె పెంచడం. కాఫీ, టీలలో పంచదార తగ్గించడం. సాయంత్రపు బజ్జీలు, పిండివంటలు వారానికి ఒకసారికి పరిమితం చేయడం. కండరం పెరగడానికి మాంసకృత్తులు కావాలి గనుక గుడ్డు, చేప, పెరుగు, శనగలు, పెసలు వంటివి రోజూ ఉండాలి. పిల్లలకు, మగవారికి వడ్డించి మిగిలిన పులుసుతో సరిపెట్టుకొనే తల్లుల పళ్లెంలో కూడా గుడ్డు ఉందో లేదో ఇంట్లోవారు చూడాలి.

బెండకాయ జిగురు, ఎముకల సూపు తింటే గుజ్జు తిరిగి వస్తుందని చెప్పుకొంటారు. ఆహారంగా అవి మంచివే. కాని మనం తిన్న జిగురు జీర్ణమైపోతుంది, నేరుగా మోకాలికి వెళ్లదు.

ఇల్లు సర్దుకోవడం

నొప్పి ఉన్నంత కాలం మోకాళ్లు పూర్తిగా మడిచే పనులు తగ్గించాలి. కత్తిపీట బదులు బల్ల మీద చాకుతో కూరలు తరగవచ్చు. బట్టలు ఉతకడానికి, పూలు కట్టడానికి ఎత్తుపీట వాడవచ్చు. నేల మరుగుదొడ్డి ఉన్న ఇంట్లో, దాని మీద నిలబెట్టే కమోడ్ కుర్చీ వైద్య పరికరాల దుకాణాలలో దొరుకుతుంది. గోడకు గట్టి కడ్డీ ఒకటి బిగించితే పడిపోయే భయం తగ్గుతుంది. ఈ రెండు ఏర్పాట్లు ఒక తల్లికి ఇచ్చే ధైర్యం ఎన్నో మాత్రల కంటే ఎక్కువ.

చేతికర్రను నొప్పి ఉన్న కాలికి ఎదుటి చేతితో పట్టుకోవాలి. కుడి మోకాలు నొప్పి అయితే కర్ర ఎడమ చేతిలో. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. బిగువుగా ఉంటే వేడి కాపడం, వాచి వేడెక్కితే గుడ్డలో చుట్టిన మంచుగడ్డ, పది పదిహేను నిమిషాలు ఉపశమనం ఇస్తాయి. నువ్వుల నూనెతో మెల్లగా మర్దనా చేసినా హాయిగా ఉంటుంది.

మందుల విషయంలో మెలకువ

డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందును పూతగా రాయడం మాత్రలు మింగడం కంటే క్షేమం. ముందు దానితోనే ప్రారంభించాలి. నొప్పి మాత్రలు వ్యాయామం చేయగలిగేటంత ఉపశమనం కోసం, డాక్టరు చెప్పినన్ని రోజులు మాత్రమే. మందుల షాపులో అడిగి తెచ్చుకొని నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడవచ్చు, రక్తపోటు పెరగవచ్చు, గుండెకు, మూత్రపిండాలకు హాని జరగవచ్చు. షుగరు, బీపీ ఉన్నవారు, మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి ప్రాంతాలవారు డాక్టరును అడగకుండా వీటి జోలికి పోనేకూడదు.

పేరు, వివరాలు లేని పొట్లాలలో అమ్మే కీళ్లవాతపు పొడులతో జాగ్రత్త. రెండు రోజులలో అద్భుతంగా నొప్పి పోయి, కొన్ని వారాలకు ముఖం గుండ్రంగా ఉబ్బితే అందులో స్టెరాయిడ్ కలిపి ఉండవచ్చు. అటువంటి మందును హఠాత్తుగా ఆపడం కూడా ప్రమాదమే గనుక వెంటనే డాక్టరుకు చెప్పాలి.

ఇంజెక్షన్ల గురించి చాలామంది ఆశ పెట్టుకొంటారు. మోకాలిలో ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షను కొన్ని వారాలు ఉపశమనం ఇస్తుంది. కాని 2017లో అచ్చయిన ఒక పరిశోధనలో, రెండేళ్ల పాటు మూడు నెలలకొకసారి ఆ ఇంజెక్షను తీసుకొన్నవారిలో మృదులాస్థి మరింత తగ్గింది, నొప్పిలో మాత్రం ఉప్పునీటి ఇంజెక్షను కంటే చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2020లో వెలువడిన మరొక పరిశోధనలో, ఏడాది తరువాత చూస్తే ఇంజెక్షను తీసుకొన్నవారి కంటే ఫిజియోథెరపీ చేయించుకొన్నవారే మెరుగ్గా ఉన్నారు. మన రక్తం నుండే తీసి ఇచ్చే పీఆర్పీ ఇంజెక్షను 2021లో 288 మందిపై జరిపిన పరీక్షలో ఉప్పునీటి కంటే మేలు చేయలేదు. గ్లూకోసమిన్, కాండ్రాయిటిన్ మాత్రలు కూడా 2006లో సుమారు 1,580 మందిపై జరిగిన పరీక్షలో మొత్తం మీద ఉత్తుత్తి మాత్ర కంటే గొప్పగా పనిచేయలేదు. దూరబ్బాయి పంపిన డబ్బును వీటికి పోసేముందు ఈ సంగతులు తెలిసి ఉండాలి.

ఆపరేషను ఎప్పుడు?

చిన్న రంధ్రం చేసి మోకాలిని లోపల కడిగి శుభ్రం చేసే ఆపరేషను ఒకప్పుడు చాలామందికి చేసేవారు. 2002లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో 180 మందిపై పరీక్షించి చూస్తే, పైపైన గాటు పెట్టి కుట్టినవారికీ, నిజంగా కడిగినవారికీ తేడా కనబడలేదు. గనుక కేవలం అరుగుదల కోసం అది చేయించుకోవడం దండుగ.

కీలు మార్పిడి ఆపరేషను సంగతి వేరు. వ్యాయామం, బరువు తగ్గడం, మందులు నెలల తరబడి శ్రద్ధగా ప్రయత్నించిన తరువాత కూడా రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి, ఇంట్లో నాలుగడుగులు వేయలేని స్థితి ఉంటే అది గొప్ప మేలు చేస్తుంది. 2019లో ప్రచురించిన లెక్కల ప్రకారం, మార్చిన మోకాళ్లలో వందకు సుమారు 82 పాతికేళ్ల పాటు నిలుస్తాయి. అయినా పదిమందిలో ఒకరిద్దరు ఆశించినంత తృప్తి పొందరు. ఆపరేషను తరువాత కూడా వ్యాయామం తప్పదు. నేల మీద కూర్చోవడం, మోకరించడం చాలామందికి కష్టంగానే ఉంటుంది. ఈ సంగతులు ముందే అడిగి తెలుసుకోవాలి. 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వపు ఔషధ ధరల సంస్థ కృత్రిమ మోకాలి పరికరాలకు గరిష్ఠ ధరలు నిర్ణయించింది గనుక, బిల్లులో పరికరం ధరను విడిగా చూపించమని అడిగే హక్కు మీకుంది. భయపడి మరీ ఆలస్యం చేయడం, ఎక్స్-రే చూసి తొందరపడడం, రెండూ మంచివి కావు.

కుటుంబానికీ, సంఘానికీ ఒక మాట

నొప్పితో ఉన్నవారిని మంచానికి పరిమితం చేస్తే ముందు తొడలు సన్నబడతాయి, తరువాత బరువు పెరుగుతుంది, ఆ తరువాత మనసు కుంగుతుంది. అప్పుడు నొప్పి మరింత పెద్దదవుతుంది. కాబట్టి "కూర్చో అమ్మా" అనడానికి బదులు "రా అమ్మా, వీధి చివరి వరకు నడిచి వద్దాం" అనండి. మనవడికి బామ్మ వ్యాయామాలు లెక్కపెట్టే పని అప్పగించండి. కోడలు చీపురు అందుకొంటే మామగారు కూరలు తరగవచ్చు. మోకాళ్ల బరువు ఇంటిల్లిపాదీ పంచుకోవలసినదే.

మన మందిరాలలో చాపల పక్కన నాలుగు వరుసల కుర్చీలు వేయించడం, మెట్ల పక్కన పట్టుకోవడానికి కడ్డీ పెట్టించడం, ఒక కమోడ్ మరుగుదొడ్డి ఏర్పాటు చేయడం పెద్దలకు కష్టమైన పని కాదు. కుర్చీలో కూర్చొని తల వంచి చేసే ప్రార్థన తక్కువైనదని ఎవరూ అనుకోకూడదు, ఎవరూ అనిపించకూడదు. స్త్రీల సమాజపు కూడికలో పాటల తరువాత పది నిమిషాలు అందరూ కలిసి కుర్చీలో కూర్చొని లేచే వ్యాయామం చేస్తే, ఒంటరిగా చేయలేక మానేసేవారు కూడా చేస్తారు.

ఈ నెల ఇంట్లో ఒక గోడ కాలెండరు మీద వ్యాయామం చేసిన రోజుకు ఒక గీత పెట్టండి. ఎనిమిది వారాలు గీతలు నింపండి. మొదటి రోజు కుర్చీలో నుండి ఎన్నిసార్లు లేవగలిగారో రాసి పెట్టుకొని, చివరి రోజు మళ్లీ లెక్కపెట్టండి. ఆ రెండు అంకెలను పక్కపక్కన చూసుకొన్నప్పుడు, మీ మోకాళ్లలో ఇంకా ఎంత శక్తి ఉందో మీకే తెలుస్తుంది.